పని బల్ల మీది రంధ్రాలు నిటారుగా దిగాలి

సంపాదకులకు,

ఆర్యా,

ఇంటి దగ్గరే వడ్రంగి పని బల్ల తయారుచేసుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. కాళ్ళ అతుకుల గురించి, పైచెక్క మందం గురించి ఓపికగా వివరించిన వ్యాసకర్త, బెంచ్ డాగ్స్ కోసం వేయవలసిన రంధ్రాల దగ్గరికి వచ్చేసరికి, చేతి డ్రిల్లుకు స్పేడ్ బిట్ (నడుమ మొన ఉన్న చదునైన రేకు బిట్) బిగించి వరుసగా వేసుకుంటే సరిపోతుందని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆ మాట నమ్మి పని మొదలుపెట్టినవారు మంచి పైచెక్కను పాడుచేసుకునే ప్రమాదం ఉంది కనుక ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

పరిచయం లేని పాఠకుల కోసం ముందుగా ఒక వివరణ. బెంచ్ డాగ్ అంటే బల్ల రంధ్రంలోకి దింపే పొట్టి గుంజ. చెక్కను ఒకవైపు వైస్ (మర తిప్పి బిగించే దవడల పట్టు), రెండోవైపు ఈ గుంజ ఒత్తిపట్టి ఉంచితే దాని మీద కదలకుండా చిత్రిక పట్టవచ్చు. మన వడ్రంగులు నేల మీద కూర్చుని కాలితో తొక్కిపట్టి సాధించే పట్టునే, నిలబడి పనిచేసేవారికి ఈ గుంజ ఇస్తుంది.

వరుసలో ఒక రంధ్రం ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కకు పడినా పని ఆగదు. రంధ్రం వాలిపోతేనే చిక్కు. 60 మిల్లీమీటర్ల మందం ఉన్న పైచెక్కలో ఒక్క డిగ్రీ వాలితే రంధ్రం అడుగున మిల్లీమీటరు పక్కకు తేలుతుంది. గుంజ కూడా అదే వాలుతో పైకి నిలుస్తుంది. అది వైస్ నుంచి దూరంగా వాలిందంటే, బిగించినకొద్దీ చెక్క అంచు గుంజ మీదికి ఎక్కుతుంది, పలుచని చెక్కయితే నడుమ లేస్తుంది. వైస్ వైపు కొద్దిగా వాలితే నష్టం తక్కువ. పాతకాలపు యూరప్ బల్లల్లో డాగ్స్ కోసం చేసే చదరపు రంధ్రాలను కావాలనే వైస్ వైపు రెండు మూడు డిగ్రీలు వాల్చేవారు, అప్పుడు బిగింపు చెక్కను కిందికి అదుముతుంది. ఆ వాలు వరుసంతా ఒకేలా, ఒకే దిక్కుగా ఉంటుంది. చేయి వణికి పడ్డ వాలుకు అటువంటి నియమమేదీ ఉండదు.

స్పేడ్ బిట్‌తో వచ్చే చిక్కంతా ఇక్కడే ఉంది. అది నడుమ ఉన్న మొన ఆధారంగానే దారి చూసుకుంటుంది. చెక్కలో మెత్తటి పొర తర్వాత గట్టి పొర తగిలితే మొన పక్కకు జారుతుంది, బిట్ ఊగుతుంది, రంధ్రం నోరు గరాటులా వెడల్పవుతుంది. గుంజ సంగతి ఎలా ఉన్నా, హోల్డ్‌ఫాస్ట్ అనే వంపు తిరిగిన ఇనుప పట్టుకు ఈ గరాటు నోరు పనికిరాదు, ఎందుకంటే దాని కాడ రంధ్రంలో కొద్దిగా ఓరగా ఇరుక్కోవడం వల్లనే పట్టు వస్తుంది. (పైచెక్క 40 మిల్లీమీటర్లకు తగ్గినా ఆ ఇరుకు సరిగ్గా కుదరదు.) గుండ్రటి అంచుతో కోసే ఫోర్‌స్ట్నర్ బిట్ రంధ్రం అంచుల్ని శుభ్రంగా కోస్తుంది గానీ లోతుకు వెళ్ళినకొద్దీ పొట్టు బయటికి రాక వేడెక్కి చెక్కను మాడుస్తుంది. లోతైన రంధ్రానికి మర చుట్లున్న ఆగర్ బిట్ మేలు. అది పొట్టును పైకి తోసేస్తూ, మొన మీది మరతో తనను తాను లోపలికి లాక్కుంటుంది. మొదటి రెండు అంగుళాలు నిటారుగా దిగితే మిగతా దారి చాలావరకు తనే పట్టుకుంటుంది.

ఆ మొదటి రెండు అంగుళాలను నిటారుగా దింపడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. మూడు అంగుళాల ఎత్తున్న గట్టి చెక్క దిమ్మెలో నిలువు డ్రిల్లింగ్ మిషన్‌తో ఒక రంధ్రం వేయించి, దాన్ని గీసుకున్న గుర్తు మీద సి క్లాంపుతో బిగించి, అందులోంచి బిట్‌ను దింపితే చాలు. చెక్క దిమ్మె కొన్ని రంధ్రాలకే అరిగి వదులవుతుంది కాబట్టి, అవకాశం ఉన్నవారు ఇనుప దిమ్మె చేయించుకోవడం మంచిది. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల లేత్ షాపులవారికి ఇది చిన్న పని. మొదటి రంధ్రాన్ని పనికిరాని ముక్క మీద వేసి, అందులో నున్నటి కడ్డీ నిలబెట్టి, రెండు దిక్కులా మూలమట్టం పెట్టి చూసుకున్న తర్వాతనే బల్ల మీదికి రావాలి. అడుగున పెచ్చులు ఊడకుండా కింద ఒక చెక్కను గట్టిగా అదిమి బిగించాలి, లేదా ఆగర్ మొన కింద తొంగిచూడగానే ఆపి మిగిలినది అడుగు వైపునుంచి పూర్తిచేయాలి.

కొలతల్లో మరో తిరకాసు ఉంది. అమెరికా పద్ధతి గుంజలు ముప్పావు అంగుళం, అంటే హైదరాబాదు వడ్రంగుల లెక్కలో ఆరు సూతులు, 19 మిల్లీమీటర్లకు రవ్వంత ఎక్కువ. యూరప్ పద్ధతివి 20 మిల్లీమీటర్లు. మన దుకాణాల్లో రెండు రకాల బిట్లూ పక్కపక్కనే దొరుకుతాయి. 20 రంధ్రంలో ముప్పావు అంగుళం గుంజ దాదాపు మిల్లీమీటరు ఆడుతుంది. కాబట్టి ముందు గుంజలు కొని, ఆ తర్వాత వాటికి సరిపడే బిట్ కొనాలి.

బల్లంతా గళ్ళు గళ్ళుగా రంధ్రాలు వేసే పద్ధతి ఈమధ్య బాగా ప్రచారంలోకి వచ్చింది. అందులో 20 మిల్లీమీటర్ల రంధ్రాలు 96 మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి. గుంజలకు ఆనించిన పట్టీనే లంబకోణానికి ఆధారంగా తీసుకునేవారికి మాత్రం రంధ్రం పడే చోటు కూడా కచ్చితంగా ఉండాలి. పక్కపక్క గుంజల్లో ఒకటి అర మిల్లీమీటరు తప్పితే కోణం డిగ్రీలో దాదాపు మూడో వంతు తప్పుతుంది. పునాదికి ముగ్గు పోసే మేస్త్రీ మూల చూసుకునే 3, 4, 5 లెక్కే ఇక్కడా పనికొస్తుంది: 288, 384 మిల్లీమీటర్ల భుజాలకు కర్ణం 480 రావాలి. అయితే ఈ గళ్ళను టేకు, వేప వంటి అసలు చెక్క మీద వేయడం నాకు సమ్మతం కాదు. వానాకాలం తేమకు చెక్క అడ్డంగా ఉబ్బి, ఎండలకు మళ్ళీ ముడుచుకుంటుంది. దానితో రంధ్రాల మధ్య దూరాలు మారతాయి, గుండ్రటి రంధ్రం కూడా కాలక్రమంలో కోలగా తిరుగుతుంది. గళ్ళు కావాలనుకున్నవారు ప్లైవుడ్ మీదో, తడి తగలదనుకుంటే ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే పలక) మీదో వేసుకోవాలి. చిత్రిక పట్టే బల్లకు ముందు అంచుకు దగ్గరగా ఒక్క వరుస, హోల్డ్‌ఫాస్ట్ కోసం వెనక నాలుగైదు రంధ్రాలు ఉంటే నా దృష్టిలో సరిపోతుంది. తక్కువైతే తర్వాత వేసుకోవచ్చు, ఎక్కువైనవాటిని పూడ్చడం కష్టం.

వ్యాసం రెండో భాగంలో వైస్ బిగింపు ఉంటుందని ప్రకటించారు. రంధ్రాల వరుసను వైస్ బిగించిన తర్వాతనే, దాని దవడలోని గుంజకు సరిగ్గా ఎదురుగా గీయాలని, రంధ్రానికీ రంధ్రానికీ మధ్య దూరం వైస్ తెరుచుకునే మేరకన్నా తక్కువ ఉండాలని, కింద కాళ్ళూ అడ్డ కమ్మీలూ వైస్ మరా ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే గుర్తుపెట్టుకోవాలని ఆ భాగంలో ఒక బొమ్మతో సహా చేర్పించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
విజయవాడ