అది పాము కాదు, చంపకండి

అయ్యా,

పది రోజుల కిందట మీ శ్రీకాకుళం జిల్లా పేజీలో ‘కొండ దిగువన వింత పాము కలకలం’ అని ఫొటో వేసి, కింద ‘సాలమాండర్ జాతి విషసర్పం’ అని రాశారు. అది సాలమాండరూ కాదు, సర్పమూ కాదు. సాలమాండర్‌కు నాలుగు కాళ్లు, తోక ఉంటాయి. మన దేశంలో డార్జిలింగ్, సిక్కిం, ఈశాన్య కొండల్లో తప్ప తూర్పు కనుమల్లో అది లేదు. ఫొటోలో కర్రతో కొట్టి పడేసిన జీవికి కాళ్లే లేవు, ఒళ్లంతా ఉంగరాలు. అది సిసీలియన్. కప్పలు, సాలమాండర్లు కాక ఉభయచరాల్లో ఉన్న మూడో తెగ.

పోల్చుకోవడం కష్టం కాదు. గుడ్డిపాము ఒళ్లు పొడిగా, పొలుసులతో మెరుస్తుంది. ఇది తడిగా, జారుతూ ఉంటుంది. వానపాముకు ఎముక ఉండదు, దీనికి వెన్నెముక, దవడలు, పళ్లు ఉంటాయి. కంటికీ ముక్కుకీ మధ్య చిన్న మొలకలాంటిది ఉంటుంది. చూపు ఆనని ఈ జీవి మట్టిలో దానితోనే వాసన పట్టి చెదలనూ వానపాములనూ తింటుంది. దానివల్ల మనిషి ప్రాణానికి ముప్పేమీ లేదు.

తూర్పు కనుమల్లో ఆంధ్ర, ఒడిశా కొండల మీద సుమారు 1,200 మీటర్ల ఎత్తున దొరికిన ఒక సిసీలియన్‌కు 2013లో జెజెనియోఫిస్ ఓరియంటాలిస్ అని పేరు పెట్టారు. ఫొటోలోది ఏ జాతో తేల్చాలంటే ఉంగరాలు లెక్కపెట్టాలి. కిరోసిన్ పోసి తగలబెట్టారని మీరే రాశారు, ఇంకేం లెక్కపెడతారు?

ఇది చర్మంతోనూ ఊపిరి పీలుస్తుంది. తడి ఆరితే చస్తుంది. పిక్కలు రాలేముందు జీడితోటల్లో ఆకు ఊడ్చి నిప్పు పెట్టడం, గడ్డిమందు కొట్టడం, గ్రానైట్ కోసం పొక్లెయిన్‌తో పైమట్టి గీకేయడం, అన్నీ దాని ఇంటిమీదే. ఎలుగుబంటో ఏనుగో ఊళ్లోకి వస్తే తప్ప అధికారులు కదలరు. మట్టిలో బతికేదాని గురించి ఒక్క బోర్డయినా పెట్టలేదు. విలేకరులైనా దగ్గర్లోని డిగ్రీ కాలేజీ జువాలజీ మాస్టారికి ఒక ఫోన్ చేసి ఉండాల్సింది. ఒకప్పుడు పత్రికల్లో ఆ పద్ధతి ఉండేది.

గునపానికి తగిలితే ఉప్పు, బూడిద చల్లొద్దు. చెయ్యి తడుపుకుని పట్టుకోండి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి, కుళ్లిన ఆకు కింద తడిమట్టిలో వదిలేయండి.

దిద్దుబాటును ఆ ఫొటోకిచ్చినంత జాగాలోనే వేయండి. వానలు పడుతున్నాయి, అవి పైకొచ్చేది ఇప్పుడే.

— ఒక పాఠకుడు, సోంపేట