స్లిప్పులో 3,06,000, రసీదులో 3,00,000

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన నెల మా ఇంట్లో మొదటిసారి కారు కొన్నాం. పెద్దదేం కాదు, చిన్న పెట్రోల్ బండి. మా అమ్మాయి మర్రిపాలెం నుంచి రుషికొండ ఐటీ కొండ దాకా రోజూ రెండు బస్సులు మారి వెళ్తోంది, రాత్రి షిఫ్టు ఉన్న రోజుల్లో అది ఇంటికి చేరేదాకా నాకూ వాళ్ళమ్మకూ కంటి మీద కునుకు ఉండదు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది కదా, ఇక ఆగబుద్ధి కాలేదు. ఆన్‌రోడ్ 8,40,000. అందులో 5 లక్షలు బ్యాంకు లోను, బుకింగ్ రోజున ఫోన్‌లో పంపింది 10,000. మిగిలిన దాంట్లో 30,000 మళ్ళీ ఫోన్‌లో పంపి, 3 లక్షలు క్రెడిట్ కార్డు మీద కడదామని ముందే లెక్క వేసుకున్నాను. ఎందుకంటే నా ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి ఇంకో 34 రోజుల్లో చేతికొస్తుంది, కార్డు బిల్లు గడువు దాని తర్వాతే పడుతుంది. డిపాజిట్ మధ్యలో విరగ్గొట్టే పని తప్పుతుందనే తప్ప, కార్డు గీకితే బ్యాంకు ఇచ్చే పాయింట్ల మీద ఆశేం కాదు (సరే, కొంచెం ఉంది).

బుకింగ్ రోజున "కార్డు తీసుకుంటారా బాబూ" అని అడిగితే "అన్నీ తీసుకుంటాం సార్" అన్నాడు ఆ కుర్రాడు. అద్దం తలుపు మీద కూడా రకరకాల కార్డుల బొమ్మలు అంటించి ఉన్నాయి.

డెలివరీకి ముహూర్తం 10:40. బండికి ఎర్రటి గుడ్డ కప్పి రిబ్బన్ కట్టి ఉంచారు. మా ఆవిడ చేతిలో నాలుగు నిమ్మకాయలు, కొబ్బరికాయ, బంతిపూల దండ. అక్కడి నుంచి నేరుగా ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడికి వెళ్ళి పూజ చేయించుకోవాలి, విశాఖలో కొత్త బండి కొన్నవాళ్ళకి ఆ గుడి సంగతి వేరే చెప్పక్కర్లేదు. అప్పుడు, సరిగ్గా అప్పుడు, క్యాష్ కౌంటర్‌లో అమ్మాయి కాలిక్యులేటర్ నా వైపు తిప్పి చూపించింది. 3,06,000. "క్రెడిట్ కార్డుకి 2 శాతం ఉంటుందండి, అది బ్యాంకు చార్జీ, మాది కాదు."

ముందెందుకు చెప్పలేదమ్మా అంటే మీరు అడగలేదంది. మేనేజర్ గారు వచ్చి, కావాలంటే ఇప్పుడే ఖాతా నుంచి ఆర్‌టీజీఎస్ చేసేయండి, దానికేం పడదు అన్నారు. నిజమే, ఖాతాలో డబ్బున్నవాడికి ఏమీ పడదు, లేకపోబట్టే కదా కార్డు తీసింది. నగదు ఇద్దామా అంటే 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదని 2017 నుంచి చట్టమే ఉంది, తీసుకున్నవాడికి అంతకంత జరిమానా. గడియారం 10:25 చూపిస్తోంది. మా ఆవిడ దూరం నుంచి "ఇంకా ఏటండీ, టైం అయిపోతంది" అంటోంది. గీకేయమన్నాను.

ఇంటికొచ్చి కాగితాలు సర్దుకుంటుంటే అసలు విషయం కనపడింది. మెషీన్‌లోంచి వచ్చిన స్లిప్పులో 3,06,000. వాళ్ళిచ్చిన రసీదులో 3,00,000. ఇన్‌వాయిస్ అంతా వెతికాను, ఇన్సూరెన్సుంది, లైఫ్ టాక్సుంది, ఆఖరికి అడుగున పరిచే మ్యాట్లకి కూడా ఒక వరుసుంది, ఈ ఆరు వేలు మాత్రం ఎక్కడా లేవు. ఫోన్ చేస్తే "దానికి రసీదు ఉండదండి" అన్నారు. బ్యాంకు చార్జీ అయితే బ్యాంకు పేరన్నా ఉండాలి, షోరూమ్ వసూలు చేసుకున్నదైతే బిల్లులో ఉండాలి, రెండూ కాకుండా ఆరు వేలు గాల్లో ఎలా ఉంటాయో నాకు అర్థం కాలేదు. కార్డు ఇచ్చిన బ్యాంకుకి రాస్తే డీలర్‌నే అడగమని రెండు ముక్కల్లో జవాబిచ్చింది.

షోరూమ్ వాళ్ళ బాధ నాకు తెలియక కాదు. కార్డు గీకిన ప్రతిసారీ బ్యాంకు ఆ దుకాణం దగ్గర కొంత పట్టుకుంటుంది, క్రెడిట్ కార్డుకి అది సాధారణంగా ఒకటిన్నర, రెండు శాతం చుట్టూ ఉంటుంది, దాని మీద మళ్ళీ జీఎస్టీ. చీరల కొట్లో లాభం మీద అది పెద్దగా తెలీదు. కారు మీద డీలర్‌కి మిగిలేదే కొద్ది శాతం, అందులోంచి రెండు పోతే అతనికి మండటం సహజం. కాబట్టి కార్డు తీసుకోం, లేదా బుకింగ్ డబ్బుకి మాత్రమే తీసుకుంటాం అని చెప్తే నాకేం అభ్యంతరం లేదు, ఆ రోజే ఒప్పుకునేవాణ్ణి. డిపాజిట్ విరగ్గొట్టినా నాకు ఆరు వేలు పోయేది కాదు, 3 లక్షల మీద ఏడు శాతం లెక్కన ఆ 34 రోజుల వడ్డీ మొత్తం వదులుకున్నా రెండు వేలు కూడా దాటదు. తలుపు మీద కార్డుల బొమ్మ పెట్టి, ముహూర్తానికి పావుగంట ముందు కాలిక్యులేటర్ తిప్పడమే తప్పంటున్నాను.

ఇంకో సంగతి. ఇదంతా విని గాజువాకలో ఉండే మా తోడల్లుడు, నా దగ్గర డెబిట్ కార్డుకే ఒక శాతం తీసుకున్నారు బావా అన్నాడు. అతను కట్టింది కూడా 3 లక్షలే, అంటే పైన 3,000. ఇది మరీ దారుణం. డెబిట్ కార్డు విషయంలో రిజర్వు బ్యాంకు నిబంధన చాలా స్పష్టంగా ఉంది. 2018 జనవరి 1 నుంచి, పెద్ద దుకాణమైనా సరే, బ్యాంకు పట్టుకునేది 0.90 శాతం దాటకూడదు, ఎంత పెద్ద బిల్లయినా ఒక లావాదేవీకి 1,000 రూపాయలు మించకూడదు, ఆ భారం కొనేవాడి మీద వేయకూడదు. రూపే డెబిట్ కార్డయితే 2020 నుంచి అసలు సున్నా. మరి బ్యాంకుకి మహా అయితే వెయ్యి కట్టే చోట మా తోడల్లుడి దగ్గర మూడు వేలు తీసుకుంటే ఆ మిగతా రెండు వేలు ఎవరి జేబులోకి వెళ్ళినట్టు? అతని కార్డు రూపే కూడా, అంటే మూడు వేలూ ఆ జేబులోకే పోయినట్టే.

క్రెడిట్ కార్డు దగ్గరికొచ్చేసరికి రిజర్వు బ్యాంకు ఇలాంటి గీత గీయలేదు. దుకాణం నుంచి ఎంత పట్టుకోవాలన్న దానికి పరిమితి లేదు. కొనేవాడి మీద అదనం వేయడాన్ని కార్డు కంపెనీల నిబంధనలు సాధారణంగా ఒప్పుకోవు గానీ, ఆ నిబంధనలు కౌంటర్ దగ్గర నిలబడ్డ మనకి ఎవరు చదివి వినిపిస్తారు?

నా ఉత్తరం చదివి, అయితే మనమూ కార్డు మీదే కారు కొందాం అనుకునే కుర్రాళ్ళకి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మా అమ్మాయి ఆఫీసులో కొందరు అదే పనిలో ఉన్నారట, పాయింట్ల కోసం నలుగురి కార్డులు పోగేసి గీకుతున్నారట. గడువులోగా మొత్తం కట్టేసే డబ్బు ముందే చూసుకున్నాక గీకితే పర్లేదు. లేకపోతే కార్డు వడ్డీ నెలకి మూడున్నర శాతం దాకా ఉంటుంది. ఏడాదికి 30 శాతం మించకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పిన మాటని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టేసింది, కాబట్టి అడ్డుకట్ట కూడా లేదు. 3 లక్షలకి నెల వడ్డీ 10,500, దాని మీద జీఎస్టీ 1,890. బిల్లులో కనీసం కట్టాల్సింది అని 15,000 వేస్తారనుకోండి, అది కడితే అసలులో తగ్గేది 2,610. అంతే. ఇక ఏడాదిలో ఒకరి పేరు మీద కార్డు బిల్లులు 10 లక్షలు చేరితే బ్యాంకే ఆదాయపు పన్ను శాఖకి చెప్పేస్తుంది, బావమరిది కార్డు అప్పిచ్చాడని సంబరపడితే రేపు నోటీసు వచ్చేది బావమరిదికి.

నేనడిగేవి పెద్ద కోరికలేం కావు. ఎన్‌ఏడీ నుంచి గాజువాక దాకా, ఇటు మధురవాడ దాకా ఎన్ని షోరూమ్‌లున్నాయో అన్నిట్లోనూ బుకింగ్ టేబుల్ దగ్గర తెలుగులో ఒక బోర్డు ఉండాలి, ఏ కార్డు ఎంత వరకు తీసుకుంటారో, పైన ఏమన్నా పడుతుందో లేదో. కొటేషన్ కాగితంలో లైఫ్ టాక్సు పక్కన అదీ ఒక వరుస రాయాలి. మెషీన్‌లో ఎంత కొడితే రసీదు అంతకే ఇవ్వాలి. డెబిట్ కార్డుకి అదనం తీసుకునేవాళ్ళ మీద ఆ మెషీన్ ఇచ్చిన బ్యాంకులు చర్య తీసుకోవాలి, అలాంటి దుకాణాలతో సంబంధం తెంచుకోమని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. క్రెడిట్ కార్డుకి కూడా అలాంటి ఆదేశం ఒకటి రాస్తే ఈ గొడవే ఉండదు. మన జిల్లా అధికారులు ఒక్క రోజు మామూలు కొనుగోలుదారుల్లా వెళ్ళి కార్డు తీసి చూపిస్తే చాలు, కాలిక్యులేటర్ వాళ్ళ వైపు కూడా తిరుగుతుంది.

నేనైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. స్లిప్పు మీద అక్షరాలు అప్పుడే చెరిగిపోతున్నాయి, అందుకని ఫోటో తీసి, జిరాక్సు తీయించి, రసీదుతో కలిపి పెట్టాను. మీరూ గీకిన రోజే ఫోటో తీసుకోండి, ఆ కాగితం ఎక్కువ కాలం నిలవదు. ఈ ఉత్తరం కాపీ ఆ షోరూమ్‌కి కూడా పంపిస్తున్నాను. ఆరు వేలు వెనక్కి ఇవ్వమని అడగడం లేదు, దానికి రసీదు ఇమ్మంటున్నాను, దాని మీద ఏమని రాస్తారో చూడాలని ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
మర్రిపాలెం, విశాఖపట్నం