పాత మిలటరీ ప్యాచ్ దొరికితే ముందు వెనక్కి తిప్పి చూడండి

సంపాదకులకు,

అయ్యా,

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగిళ్లలో తాతల ట్రంకుపెట్టెలు తెరిస్తే, బ్రిటిష్ కాలపు సైనికులు జబ్బకు కుట్టుకున్న గుడ్డ ప్యాచ్‌లు అక్కడక్కడా బయటపడుతున్నాయి. దొరికిన వెంటనే ఉతికి, ఇస్త్రీ చేసి, గమ్‌తో అట్టకి అంటించి ఫ్రేము కట్టించేస్తున్నారు. దయచేసి అలా చేయకండి. ప్యాచ్ వయసు చెప్పేది ఎక్కువగా దాని వెనకవైపే.

ముందువైపు బొమ్మ డివిజన్‌ను (ఎన్నో దళాలు కలిసిన పెద్ద సేనా విభాగం), లేదా అంతకన్నా పెద్ద సైన్యాన్ని చెబుతుంది, రెజిమెంటును కాదు. ఎరుపు నలుపు డాలు మీద మొన కిందికున్న కత్తి జనరల్ స్లిమ్ నడిపిన 14వ సైన్యానిది. నలుపు మీద పసుపు బాణం 7వ భారత డివిజన్, నల్ల పిల్లి 17వది, పసుపు మీద ఎర్ర కోడిపుంజు 23వది, ఆకుపచ్చ మీద ఇస్పేటు ఆసు 25వది. ఇవన్నీ రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వైపు పోరాడినవి. నలుపు మీద ఎర్ర గద్ద అయితే ఆఫ్రికా, ఇటలీల్లో పోరాడిన 4వ డివిజన్. ఒక్కో డివిజన్‌లో ఎన్నో పటాలాలు, ఫిరంగి దళాలు, సాపర్లు (వంతెనలు, దారులు వేసే ఇంజనీరు సైనికులు), సరఫరా వాళ్లు అందరూ అదే గుర్తు వేసుకునేవారు. కనుక పిల్లి బొమ్మ చూసి తాతగారి రెజిమెంటు పేరు తేల్చేయడం కుదరదు. జంతువు ముఖం ఒకదాంట్లో కుడికి, ఇంకోదాంట్లో ఎడమకి ఉంటే అవి రెండు చేతుల జంట కావచ్చు, వేరు దళాలనుకోవద్దు.

ఇప్పుడు తిప్పండి. మన దేశంలో చేసినవాటికి చాకలికి వేసేముందు ఊడదీసుకునేలా హుక్కులో ప్రెస్ బటన్లో పెట్టడం ఉండేది. అవి ఊడిపోయినా మూలల్లో చిన్న తుప్పు మరకలు మిగులుతాయి. ఉతికితే ఆ మరకలు పాకి గుడ్డంతా పాడవుతుంది. ముందువైపు కిరీటం ఉంటే దాని కమానులు చూడండి: గుండ్రంగా పైకి ఉబ్బితే 1901-1952 నాటిది కావచ్చు, నడిమన పల్లంగా దిగితే రెండో ఎలిజబెత్ రాణి కాలానిది కావచ్చు.

అనుమానముంటే చీకట్లో, దొంగనోట్లు పట్టే అతినీలలోహిత లైటు కింద పెట్టండి. దారం నీలితెలుపుగా మెరిస్తే యుద్ధం తర్వాత చేసినది కావచ్చు. ఐతే ఇప్పటి డిటర్జెంట్ పొడితో ఉతికిన పాత గుడ్డ కూడా అలాగే మెరుస్తుంది. ఉతకొద్దనడానికి ఇదీ కారణమే. వెనక వేలాడే ఒక్క పోగు కత్తిరించి కాల్చి చూడండి. ఉన్ని వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, నూలు కాగితంలా బూడిదవుతుంది. కరిగి గట్టి పూసలా అయితే పాలియెస్టర్ లాంటి సింథటిక్ దారం, అంటే అది యుద్ధం తర్వాతిది కావచ్చు.

జరీ పని ఉన్న ప్యాచ్ నల్లబడిందని చింతపండు రుద్దకండి. పట్టుచీరల ఊరివాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. పురుగు పట్టిన ఉన్ని ప్యాచ్‌ని పాలిథిన్ సంచిలో గాలి తీసి మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో రెండు వారాలుంచండి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకూడదు, విప్పితే చెమ్మ చేరుతుంది. తర్వాత గంజి లేని తెల్లటి నూలుగుడ్డలో చుట్టి పెట్టండి. నాఫ్తలీన్ ఉండలు గుడ్డకి తగలనీయకండి. కోటుకి కుట్టి ఉంటే విప్పకండి, ఏ చేతికి, ఎంత ఎత్తున ఉందన్నదీ ఆధారమే. పక్కన స్కేలు పెట్టి రెండువైపులా ఎండ వెలుగులో ఫొటో తీసుకోండి.

రెజిమెంటు తెలియాలంటే భుజం మీది అక్షరాలు, పాత పే బుక్కు (సైనికుడి జీతం, వివరాలు రాసిన పుస్తకం), డిశ్చార్జి కాగితం వెతకాలి. వాటిమీది సర్వీసు నంబరుతో, మద్రాస్ రెజిమెంటు అయితే నీలగిరి వెల్లింగ్టన్‌కి, మద్రాస్ సాపర్లయితే బెంగళూరుకి, అక్కడి రికార్డు ఆఫీసుకి ఉత్తరం రాయవచ్చు. యుద్ధంలో చనిపోయినవారి పేర్లు కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో ఉచితంగా చూడవచ్చు. ఇంటిపేరు ఒకటికి నాలుగు స్పెల్లింగులతో వెతకండి, అప్పటి గుమాస్తాలు విన్నట్టు రాసేవారు.

- ఒక పాఠకుడు, బరంపురం, గంజాం జిల్లా