బ్యాకప్ గడువును డిస్కులోని ఖాళీ నిర్ణయించకూడదు

సంపాదకులకు,

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కళాశాలలు, ఆసుపత్రులు, సహకార సంఘాలు, పురపాలక కార్యాలయాలు తమ దస్త్రాలను సర్వర్లలోకి ఎక్కించుకుంటున్నాయి. బ్యాకప్ (అసలు పోతే వాడుకోవడానికి విడిగా ఉంచే నకలు) తీస్తున్నారా అని అడిగితే తీస్తున్నామనే అందరూ చెబుతారు. తీసిన ప్రతిని ఎన్నాళ్లు ఉంచుతున్నారు, ఆ గడువును ఎవరు దేన్నిబట్టి పెట్టారు అని అడిగితే మాత్రం చాలాచోట్ల జవాబు ఉండదు. సర్వర్ల నిర్వహణలో ఉన్నవాడిగా నేను చూసినంతవరకు, గడువును నిర్ణయిస్తున్నది డిస్కులో మిగిలిన ఖాళీయే. డిస్కు నిండగానే పాత ప్రతి దానంతటదే చెరిగిపోయేలా అమర్చి వదిలేస్తున్నారు. ఈ పద్ధతి మారాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

జరిగిన నష్టం బయటపడటానికి ఎంతకాలం పడుతుందో, బ్యాకప్ గడువు అంతకంటే ఎక్కువ ఉండాలి. మొదటి సెమిస్టర్ మార్కుల పట్టికలో కొన్ని వరుసలు పొరపాటున చెరిగిపోతే, ఆ సంగతి మార్కుల మెమోలు ముద్రించే రోజున గానీ తెలియకపోవచ్చు. ఈలోగా బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ప్రతి రాత్రీ ఆ లోపంతో కూడిన పట్టికనే నమ్మకంగా నకలు తీస్తూ ఉంటుంది కాబట్టి, ఏడు రోజుల గడువు పెట్టుకున్న కళాశాలలో వారం తిరిగేసరికి మిగిలిన ఏడు ప్రతులూ లోపభూయిష్టమైనవే అవుతాయి. సమాచారానికి తాళం వేసి డబ్బు గుంజే ర్యాన్సమ్‌వేర్ దాడుల్లోనూ ఇదే ప్రమాదం ఉంది: చొరబడినవారు ఒక్కోసారి వారాల తరబడి నిశ్శబ్దంగా ఉండి, బ్యాకప్‌లు ఎక్కడున్నాయో కనిపెట్టి, ముందు వాటినే నాశనం చేస్తారు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్‌పై జరిగిన దాడిలో ఐదు సర్వర్లలోని సుమారు 1.3 టెరాబైట్ల సమాచారం ఎన్‌క్రిప్ట్ అయిపోయి (ఎవరూ చదవలేని సంకేతాలుగా మారిపోయి), రోగుల నమోదు రోజుల తరబడి కాగితాలపైనే నడిచింది. దాడికి చిక్కని ఒక బ్యాకప్ సర్వర్ ఉండబట్టే ఈ-హాస్పిటల్ అనే ఆసుపత్రి కంప్యూటర్ వ్యవస్థలోని సమాచారం తిరిగి దక్కింది. దక్షిణ కొరియాకు ఆ అదృష్టం లేదు. 2025 సెప్టెంబరు 26న డేజాన్‌లోని ప్రభుత్వ డేటా కేంద్రం తగలబడినప్పుడు, ఉద్యోగుల దస్త్రాలు దాచిన 858 టెరాబైట్ల నిల్వ కాలిపోయింది. పరిమాణం మరీ పెద్దదన్న కారణంతో దానికి బయట ప్రతి ఉంచలేదు.

ఎక్కువకాలం ఉంచాలంటే ఖర్చు భరించలేమని అధికారులు అంటారు. లెక్క వేసి చూద్దాం. ఒక సంస్థ సమాచారం 2 టెరాబైట్లు, అందులో రోజుకు 2 శాతం, అంటే 40 గిగాబైట్లు మారుతుందనుకుందాం. మారిన భాగాన్ని మాత్రమే తీసే రోజువారీ ప్రతులు 14 ఉంచితే 560 గిగాబైట్లు, వారానికొక పూర్తి ప్రతి చొప్పున ఐదు ఉంచితే 10 టెరాబైట్లు, నెలకొకటి చొప్పున పన్నెండు ఉంచితే 24 టెరాబైట్లు, మొత్తం సుమారు 35 టెరాబైట్లు అవుతుంది. కుదింపు చేస్తే ఇంకా తగ్గుతుంది. నెలవారీ ప్రతులన్నీ ఒక్కొక్కటి 18 టెరాబైట్లు పట్టే ఎల్‌టీఓ-9 రకం అయస్కాంత టేపులు రెండింటిలో ఇమిడిపోతాయి. పైగా సర్వర్ నుంచి తీసి వేరే ఊరి బీరువాలో పెట్టిన టేపును ఏ చొరబాటుదారూ చెరపలేడు. అసలు సమాచారం ఉన్న స్టోరేజీలోనే తీసుకునే స్నాప్‌షాట్‌లను (ఆ క్షణంలో సమాచారం ఎలా ఉందో చూపే ప్రతులను) ఈ లెక్కలో కలపకూడదు, ఎందుకంటే ఆ స్టోరేజీ పోతే అవీ పోతాయి.

చెరిపివేత నియమాన్ని కూడా జాగ్రత్తగా రాయాలి. రోజువారీ ప్రతులు తమకు ఆధారమైన పూర్తి ప్రతి ఉంటేనే పనికొస్తాయి. గడువు తీరిందని దాన్ని ముందే తీసేస్తే తరవాతివన్నీ వ్యర్థమవుతాయి. 2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో, పది రోజులు దాటిన లాగ్ ఫైళ్లను (కంప్యూటర్‌లో జరిగిన పనుల నమోదులను) తొలగించాల్సిన స్క్రిప్టు, అంటే ఒక చిన్న ప్రోగ్రాము, దారితప్పి 77 టెరాబైట్ల పరిశోధన సమాచారాన్ని తుడిచిపెట్టింది.

అలాగని అన్నీ శాశ్వతంగా దాచడమూ సరికాదు. కంపెనీల చట్టం ఖాతా పుస్తకాలను ఎనిమిదేళ్లు ఉంచమంటోంది, కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాలు సర్వర్ లాగ్‌లను 180 రోజులు ఉంచమంటున్నాయి, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం అవసరం తీరిన వ్యక్తిగత సమాచారాన్ని తొలగించమంటోంది. చట్టం కోరే దీర్ఘకాల దస్త్రాలను విడిగా భద్రపరచి, బ్యాకప్‌లకు వేరే గడువు పెట్టుకుంటేనే ఈ మూడింటినీ పాటించగలం.

రెండు రాష్ట్రాల ఐటీ శాఖలకు నా విన్నపం ఇది. ప్రతి కార్యాలయం తన గడువు పట్టికను రాతపూర్వకంగా తయారుచేసి, దానిపై సాంకేతిక సిబ్బందితో పాటు ఆ శాఖాధిపతి కూడా సంతకం చేయాలి. మూడు నెలలకొకసారి పాత నెలవారీ ప్రతుల్లో ఒకదాన్ని వేరే సర్వర్‌పై తిరిగి తెరిచి, ఎంతసేపు పట్టిందో, ఏమేమి దొరకలేదో నమోదు చేయాలి. వచ్చే బడ్జెట్‌లో సర్వర్ల కొనుగోలుకు కేటాయించే మొత్తంలోనే బ్యాకప్ నిల్వకు, టేపులకు విడిగా ఒక పద్దు చూపాలి.

భవదీయుడు,
ఒక సర్వర్ నిర్వాహకుడు, కాకినాడ