బాలికల చదువు కొనసాగింపు: 2024-25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు, దాతలకు నమస్కారములు.

తల్లిదండ్రులు లేని, లేదా ఉన్నా ఆదుకోలేని స్థితిలో ఉన్న ఆడపిల్లలు బడి మానకుండా చూడడానికి ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో మన సంఘం 2024-25 విద్యా సంవత్సరంలో చేసిన పనుల వివరాలను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాము. పిల్లల పేర్లు, ఊళ్లు, ఫొటోలు ఇందులో ఉండవు. సంరక్షణ అవసరమైన బాలల గుర్తింపు బయటపెట్టడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ నిషేధిస్తున్నది. చట్టం సంగతి అటుంచినా, నోటుపుస్తకాలు అందుకునే పిల్లను వేదికపై నిలబెట్టి ఫొటో తీయడం ఆమెకు గౌరవం కాదని కార్యవర్గం భావిస్తున్నది.

2011 జనాభా లెక్కల ప్రకారం మన ఉమ్మడి జిల్లాలో స్త్రీల అక్షరాస్యత దాదాపు 45 శాతం మాత్రమే. ఆ లెక్కలో చదువురానివారిగా నమోదైన స్త్రీలే నేడు ఈ పిల్లలను సాకుతున్న తల్లులు, అమ్మమ్మలు, నాయనమ్మలు. దరఖాస్తు నింపవలసి వచ్చేది, ఆఫీసుల చుట్టూ తిరగవలసి వచ్చేది కూడా వారే. ప్రభుత్వ బడిలో ఫీజు లేదు. పాఠ్యపుస్తకాలు, మధ్యాహ్న భోజనం ఉచితం. కస్తూర్బా గాంధీ విద్యాలయాల్లో వసతి కూడా ఉంది. అయినా పిల్ల ఎందుకు ఇంట్లో ఉండిపోయిందని వెళ్లి అడిగితే, ఈ ఏడాది మాకు తరచుగా వచ్చిన సమాధానం డబ్బు లేదని కాదు, కాగితం లేదని.

ఇందులో అన్నిటికన్నా కష్టమైనది తండ్రి మరణ ధ్రువపత్రం. కోస్గి, మద్దూరు, దామరగిద్ద వైపు నుంచి ముంబయి, పుణె పనులకు వలసపోయిన కుటుంబాలలో తండ్రి అక్కడే చనిపోతే, అంత్యక్రియలు ముగించుకొని వచ్చిన బంధువులు మరణాన్ని నమోదు చేయించాలన్న ఆలోచనలో ఉండరు. మరణం ఎక్కడ జరిగితే అక్కడే, 21 రోజుల లోపు నమోదు కావాలి. ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు తప్పనిసరి. ఏ వార్డులో, ఏ ఆసుపత్రిలో ప్రాణం పోయిందో చెప్పగలిగినవాడు చాలాసార్లు కూలీలను పనికి తీసుకెళ్లిన గుంపు మేస్త్రీ ఒక్కడే. అతడు ఫోను ఎత్తడు, ఎత్తినా తన మీదికి ఏం వస్తుందోనని మాట దాటవేస్తాడు. మన కార్యకర్తలు అతడి ఊరి పెద్దమనుషులను వెంటబెట్టుకొని నచ్చజెప్పి, వివరాలు రాయించుకొని, అక్కడి మున్సిపల్ కార్యాలయానికి దరఖాస్తులు పంపించారు. కొన్ని పత్రాలు వచ్చాయి, కొన్ని ఇంకా రావలసి ఉన్నాయి.

ఆ ఒక్క పత్రం లేకపోతే ఏమి ఆగిపోతుందో సభ్యులు గమనించగలరు. బాలల సంరక్షణకు ఉద్దేశించిన మిషన్ వాత్సల్య పథకం కింద అర్హత గల బిడ్డకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ లభిస్తుంది. కుటుంబ వార్షికాదాయం గ్రామాల్లో 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు మించకూడదు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగం ద్వారా వెళ్తుంది. తండ్రి చనిపోయినట్టు ఊరంతటికీ తెలిసినా, రుజువు లేనిదే ఫైలు కదలదు. తల్లి మరో పెళ్లి చేసుకొని వెళ్లిపోయిన పిల్లల పరిస్థితి ఇంకా చిక్కు: తల్లి బతికే ఉన్నది కనుక అనాథ అనరు, దగ్గర లేదు కనుక సంతకం పెట్టేవారుండరు. ఇలాంటి పిల్లలను నేరుగా, సంరక్షణ అవసరమైన పిల్లల విషయంలో నిర్ణయం తీసుకునే బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకెళ్లడమే మేలని అనుభవంలో తేలింది.

బడిలో చేర్చడానికి మాత్రం ఇన్ని కాగితాలు అక్కరలేదు. వయసు రుజువు లేదని ప్రవేశం నిరాకరించరాదని, టీసీ ఆలస్యమైందని ఆపరాదని, బడి మానిన పిల్లను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలని 2009 నాటి విద్యా హక్కు చట్టం స్పష్టంగా చెబుతున్నది. ఆ సెక్షన్ల ప్రతిని తెలుగులో ముద్రించి కార్యకర్తల చేతికిచ్చాము. వాదనకు దిగడం కన్నా ఆ కాగితం మర్యాదగా బల్ల మీద పెట్టడం వల్లనే పని త్వరగా జరిగింది.

గద్వాల వైపు, ముఖ్యంగా గట్టు, మల్దకల్, ధరూరు మండలాల్లో సమస్య కాగితానిది కాదు, కాలానిది. జూన్‌లో బడిబాటలో పేరు నమోదైన పిల్ల ఆగస్టు వచ్చేసరికి సీడు పత్తి, అంటే విత్తనం కోసం వేసే పత్తి చేనులో ఉంటుంది. సాయంత్రం మొగ్గలు విప్పి సిద్ధం చేయడం, మర్నాడు పొద్దున్నే మగ పువ్వు పుప్పొడి రుద్దడం ఒక్కరోజు కూడా ఆగని పని. ఆడపిల్లల వేళ్లు సన్నగా ఉంటాయి, మొక్క ఎత్తుకు సరిపోతారు అన్నది చెప్పే సాకు. తక్కువ కూలికి వస్తారన్నది అసలు సంగతి. పంటకు ముందే ఇంటికి ముట్టిన అడ్వాన్సు పిల్లను కట్టిపడేస్తుంది, అందులోనూ మేనమామ ఇంట్లోనో బాబాయి ఇంట్లోనో ఉంటున్న తల్లిలేని పిల్లయితే అడిగేవారే ఉండరు. 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకుంటే 20,000 నుంచి 50,000 రూపాయల వరకు జరిమానా, లేదా ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలు, లేదా రెండూ అని 2016లో సవరించిన చట్టం చెబుతున్నది. అయినప్పటికీ కేసుల కన్నా ముందు జరిగే మాటలకే మేము ఎక్కువ సమయం ఇచ్చాము. అడ్వాన్సులు చేతులు మారకముందే, అంటే మే, జూన్ నెలల్లోనే ఆ ఇళ్లకు వెళ్లాలి. ఆగస్టులో చేను గట్టు మీద చెప్పే మాట ఎవరి చెవికీ ఎక్కదు.

సెలవుల విషయం ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. బతుకమ్మ, దసరా సెలవులకు హాస్టలు ఖాళీ అయినప్పుడు ఇల్లున్న పిల్లలు సంబరంగా వెళ్తారు. ఇల్లు లేని పిల్ల ఎవరింటికి వెళ్లాలో తేల్చుకోలేక సంచి సర్దుకొని కూర్చుంటుంది. బంధువులు తీసుకెళ్తే తిరిగి పంపుతారన్న భరోసా లేదు, తీసుకెళ్లకపోతే నిలువనీడ లేదు. ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు ఉండే వేసవి సెలవులు మరీ ప్రమాదం; పెళ్లి ముహూర్తాలు కూడా అప్పుడే. అందువల్ల సెలవులకు ముందే పిల్ల ఎవరితో, ఏ ఊరికి వెళ్తున్నదో రాయించుకొని, మధ్యలో ఒకసారి ఆ ఇంటికి వెళ్లి పలకరించి రావడం మొదలుపెట్టాము. వెళ్లేచోటు లేనివారికి బాలల సంక్షేమ సమితి ద్వారా ప్రభుత్వ బాలసదనంలో వసతి అడిగాము. పెళ్లి మాట వినబడితే బాలల సహాయ నంబరు 1098కి ఫోను చేయాలని పిల్లలందరికీ నేర్పాము. 1,00,116 రూపాయల కల్యాణలక్ష్మి సాయానికి వధువుకు పద్దెనిమిదేళ్లు నిండాలన్న షరతు వల్ల ఆగిన పెళ్లిళ్లూ ఉన్నాయని అంగీకరించాలి. చట్టం భయం కన్నా ఆ షరతే కొన్ని ఇళ్లలో బాగా పనిచేస్తున్నది.

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లల చేత జాతీయ ఉపకార వేతన పరీక్ష రాయించాము. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ వరకు ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. ప్రభుత్వ వసతి బడుల పిల్లలకు ఇది వర్తించదు కనుక, అమ్మమ్మ దగ్గర ఉంటూ నడిచి బడికి వెళ్లే పిల్లలనే ఇందుకు ఎంచుకున్నాము. మధ్యలో మానేసి, పద్నాలుగేళ్లు దాటినవారికి ఓపెన్ స్కూలు ద్వారా పది రాసే దారి చూపించాము. ఇంటర్‌కు వచ్చిన పిల్లల విషయంలో ఈ ఏడాది పెద్దగా చేసిందేమీ లేదు.

జమా ఖర్చుల పట్టిక, రసీదులు కార్యాలయంలో సభ్యుల పరిశీలనకు ఉన్నాయి. రాబోయే ఏడాదికి రెండు తీర్మానాలు ప్రతిపాదిస్తున్నాము. మొదటిది, ఏటా జరిపే బ్యాగుల పంపిణీ సభను ఆపి, ఆ మొత్తాన్ని ధ్రువపత్రాల కోసం తిరిగే కార్యకర్తల ప్రయాణ ఖర్చులకు కేటాయించడం. దాతలలో కొందరికి ఇది నచ్చకపోవచ్చు. బ్యాగు కంటికి కనబడుతుంది, మరణ ధ్రువపత్రం కనబడదు. రెండవది, పది పాసైన పిల్లల కాలేజీ ప్రయాణానికి, పరీక్ష ఫీజులకు ప్రత్యేక నిధి ఏర్పాటు చేయడం. సభ్యులు వీటిపై చర్చించి తమ నిర్ణయం తెలియజేయగలరని కోరుతున్నాము.

ఇట్లు,
కార్యవర్గం