పిన్ని ఆపరేషన్‌కి బాబాయి సంతకమా?

ఎడిటర్ గారికి,

మా పిన్నికి గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అని సూర్యారావుపేటలో ఒక హాస్పిటల్‌కి తీసుకెళ్తే, స్ట్రెచర్ ఎక్కించాక నర్సు ఇంగ్లీషు ఫారం తెచ్చి ఇంటూ మార్కు పెట్టిన చోటల్లా సంతకం పెట్టమంది, అదీ పిన్నిని కాదు, బాబాయిని. పిన్ని రిటైరైన టీచరు, పక్కనే మెలకువగానే ఉంది! 2008లో ఒక ఢిల్లీ కేసులో సుప్రీంకోర్టు క్లియర్‌గా చెప్పింది కదండీ, పరీక్ష కోసం మత్తిచ్చిన పేషెంటుకి తల్లి ఒప్పుకుందని గర్భసంచి తీసేయడం చెల్లదని, ప్రాణం మీదకొస్తే తప్ప పేషెంటే ఒప్పుకోవాలని, రిస్కేంటి, వేరే దారి ఉందా, చేయించుకోకపోతే ఏమవుతుంది, ఇవన్నీ ముందే చెప్పాలని. డాక్టర్లకి టైం ఉండదు, నిజమే, ఓపీలో జనాన్ని చూస్తే తెలుస్తుంది. కానీ ఫారం తెలుగులో ప్రింట్ చేసి ముందురోజే చేతికిస్తే ఎవరికి నష్టం? జిల్లా వైద్య ఆరోగ్య అధికారి (డీఎంహెచ్‌వో) గారు ఈ ఫారాలు ఒకసారి తెప్పించుకుని చూడాలి.

– ఒక పాఠకురాలు, విజయవాడ