గణాంకశాస్త్ర పాఠాలకు మన ఊరి వీడియోలు కావాలి

సంపాదకులకు,

కళాశాలల్లో డిజిటల్ పాఠాలు పెంచాలన్న మాట తరచుగా వినిపిస్తోంది. పెంచాల్సిందే. అయితే విశాఖపట్నంలో డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థులకు గణాంకశాస్త్రం బోధించే అధ్యాపకురాలిగా నాకు ఒక అభ్యంతరం ఉంది. మా విద్యార్థులు ఫోన్లలో చూస్తున్న స్టాటిస్టిక్స్ వీడియోల్లో ఎక్కువ భాగం నల్లబల్లను తెర మీదికి ఎక్కించినవే. సూత్రం రాస్తారు, పట్టిక గీస్తారు, జవాబు తేలుస్తారు. ఆ పట్టికలోని అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో మాత్రం చెప్పరు. వంద మంది కార్మికుల దినసరి కూలి అని ఉంటుంది. ఏ కార్మికులు, ఎవరు అడిగారు, ఎప్పుడు అడిగారు అన్న వాటికి చోటే ఉండదు. ఈ శాస్త్రం మొదలయ్యేదే ఆ ప్రశ్నల దగ్గర!

వీడియోతో చేయదగిన పని వేరే ఉంది. మద్దిలపాలెం కూడలిలో సాయంత్రం రద్దీవేళ రెండు నిమిషాలు తీసిన దృశ్యాన్ని తరగతిలో వేసి, హెల్మెట్ లేకుండా వెళ్తున్న ద్విచక్ర వాహనదారులను లెక్కపెట్టమనండి. అందరూ చూసేది ఒకే దృశ్యం. అయినా లెక్కలు కలవవు. వెనుక కూర్చున్నవారిని ఒకరు కలుపుతారు, మరొకరు వదిలేస్తారు. హెల్మెట్‌ను చేతికి తగిలించుకున్న వ్యక్తిని ఏ లెక్కలో వేయాలి? బస్సు అడ్డం వచ్చినప్పుడు దాని చాటున వెళ్లిన బండ్ల సంగతి ఏమిటి? దేన్ని లెక్కపెడుతున్నామో ముందే రాసుకోకపోతే కొలతకు అర్థం లేదని ఎవరూ చెప్పనక్కరలేకుండా పిల్లలకే తెలిసిపోతుంది. ఆ నిర్వచనం రాసుకున్నాక అదే దృశ్యాన్ని మళ్లీ వేస్తే లెక్కలు దగ్గరపడతాయి కానీ పూర్తిగా కలవవు. ఇంకా మిగిలిన ఆ తేడాలతోనే విచలనం, అంటే అంకెలు ఎంత చెదిరి ఉన్నాయన్న పాఠం మొదలుపెట్టవచ్చు. పిల్లలను రోడ్డు మీద నిలబెట్టి ఇదే పని చేయిస్తే ఎవరి లెక్క ఎక్కడ తప్పిందో తేల్చలేం, వెళ్లిపోయిన బండి తిరిగి రాదు. రికార్డు చేసిన దృశ్యాన్ని ఆపవచ్చు, వెనక్కి తిప్పవచ్చు, వచ్చే ఏడాది పిల్లలకూ అదే వేసి రెండు తరగతుల లెక్కలను పోల్చవచ్చు.

కొన్నింటిని చూసి మొత్తాన్ని అంచనా వేసే నమూనాల పాఠానికి చేపల రేవును మించిన చోటు లేదు. తెల్లవారుజామున పడవ నుంచి దింపిన కానాగంతల తట్టను తీసుకుని, కెమెరా ముందు పైనున్న పది చేపలను తూచి సగటు కట్టండి. తరువాత తట్టంతా కుమ్మరించి, ప్రతి చేపకూ ఒక సంఖ్య ఇచ్చి, చీట్లు తీసి పది చేపలను తూచండి. చివరికి అన్నింటినీ తూచండి. పెద్ద చేపలను పైన పేర్చిన తట్టయితే మొదటి సగటు ఎంత దారి తప్పిందో కళ్లకు కడుతుంది. చీట్లతో తీయడాన్ని ముప్పై, నలభై సార్లు చేసి ఒక్కో సగటునూ తెర మీద చుక్కగా పెడుతూ పోతే, ఆ చుక్కలు అసలు సగటు చుట్టూ ఎలా గుమిగూడతాయో కూడా చూపించవచ్చు. అంచనాలోని అనిశ్చితి సగానికి తగ్గాలంటే నమూనాను నాలుగింతలు చేయాలన్న సూత్రం పిల్లలకు కంఠతా వచ్చు. దాన్ని కళ్లతో చూసినవారు ఎందరు?

అమెరికాలో 1936 అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి కార్డులు పంపి, 20 లక్షలకు పైగా జవాబులు అందుకుని, రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. ఆయన ప్రత్యర్థి రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలుచుకున్నాడు. చిరునామాలు ఎక్కువగా టెలిఫోన్ పుస్తకాల నుంచి, కార్ల రిజిస్టర్ల నుంచి తీసుకున్నవి, అంటే ఎక్కువగా కలిగినవారివి. పైగా కార్డు నింపి తిప్పి పంపినవారి అభిప్రాయమే లెక్కకెక్కింది. ఈ ఉదంతం పాఠ్యపుస్తకంలో చదివితే విదేశీ చరిత్రలా ఉంటుంది. తట్ట పైభాగం నుంచి ఎన్ని చేపలు తీసినా అడుగున ఏముందో తెలియదని చూసిన తరువాత చదివితే, మన ఎన్నికల సర్వేలను కూడా అదే కంటితో చూడటం వస్తుంది.

వర్షపాతం వార్తల్లో కనిపించే ‘సాధారణం’ అన్న మాట వెనుక కూడా ఇలాంటి పాఠమే ఉంది. ఒక జిల్లాలో కురిసిన వాన దీర్ఘకాలిక సగటుకు 19 శాతం అటూఇటూ ఉంటే వాతావరణ శాఖ దాన్ని సాధారణం అంటుంది. భారీ తుపాను వచ్చిన ఒక్క అక్టోబరు సగటును ఎంత పైకి లాగుతుందో, అంకెలను వరుసలో పేరిస్తే నడుమ వచ్చే మధ్యగతం ఎంత నిలకడగా ఉంటుందో తీరప్రాంతపు పిల్లలకు చెప్పడానికి ఊహాజనితమైన కూలి పట్టికలు ఎందుకు?

ఈ వీడియోలు తెలుగులో ఉండాలి. పాడేరు, అరకు నుంచి వచ్చే పిల్లల్లో చాలామంది తెలుగు మాధ్యమంలో చదివి, డిగ్రీలో ఒక్కసారిగా ఇంగ్లీషు పుస్తకం పట్టుకుంటున్నారు. భావం తెలుగులో అందితే సాంకేతిక పదాలు నేర్చుకోవడం పెద్ద కష్టం కాదు.

వీడియో చూస్తూ కూర్చుంటే పిల్లలు లెక్క చేయడం మానేస్తారని తోటి అధ్యాపకులు కొందరు అంటారు. ఆ భయం సరైనదే. అందుకే ప్రతి వీడియో జవాబుకు ముందే ఆగిపోవాలి. సేకరించిన అంకెల పట్టిక ఏ దిద్దుబాటూ లేకుండా వెంట ఉండాలి, జవాబు విడిగా రావాలి. నిడివి ఏడెనిమిది నిమిషాలు దాటకూడదు. బండ్ల నంబర్లు, మనుషుల ముఖాలు గుర్తుపట్టరాకుండా మసకబరచాలి. రేవులో ఎవరి తట్టనైనా తీసేముందు వారి అనుమతి అడగాలి, తూచడానికి పట్టిన సమయానికి డబ్బు కూడా ఇవ్వాలి. ఫోన్లో డేటా లేని పిల్లల కోసం కళాశాల కంప్యూటర్లలో ప్రతులు పెట్టాలి.

ఖర్చు పెద్దదేమీ కాదు. ఒక ఫోను, స్టాండు, నమ్మకమైన త్రాసు, ఓపిక ఉన్న నలుగురు విద్యార్థులు చాలు. ప్రపంచం గుర్తుంచుకున్న పరిశోధనాపత్రాన్ని 1945లోనే రాసి, 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకున్న సి.ఆర్. రావు గణితం చదివింది మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే. ఈ పనిని ఆ విశ్వవిద్యాలయమే ముందుండి నడిపించాలని నా కోరిక. గణాంకశాస్త్రవేత్త మహలనోబిస్ పుట్టినరోజైన జూన్ 29న ఏటా జాతీయ గణాంక దినోత్సవం జరుగుతుంది. సభ, శాలువాలతో పాటు ఆ రోజు పది వీడియోలనైనా అన్ని కళాశాలలకూ ఉచితంగా విడుదల చేయాలి.

వీడియోలు ఉన్నాయి కదా అని అధ్యాపకుల ఖాళీలను భర్తీ చేయకుండా వదిలేయడానికి మాత్రం ప్రభుత్వం వీటిని సాకుగా చూపరాదు. దృశ్యాన్ని ఎక్కడ ఆపాలో తెలిసి, నీ లెక్క పక్కవాడి లెక్కతో ఎందుకు కలవలేదని పిల్లవాణ్ని అడగడానికి తరగతిలో ఒక మనిషి ఉండాలి.

— ఒక గణాంకశాస్త్ర అధ్యాపకురాలు,
విశాఖపట్నం